సున్నాకు సమానమైన ఏడుగురు

మూత పడిన ఇరవై మూడో ఏడు, మార్చి 4

ఈ పుస్తకంలో రోజువారీ పని మాత్రమే రాయాలని నియమం. కోపం రాయకూడదని మాత్రం ఎక్కడా లేదు, వెతికి చూశాను. కాబట్టి రాస్తున్నాను.

పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి నుంచి చీటీ వచ్చింది. రెండో వీధి దుర్గం ఓదెలు చనిపోయాడు. ఎనభై రెండేళ్లు, నిద్రలోనే పోయాడట. ఆయన బిళ్ల సంఖ్య 0e4471. రిజిస్టర్ యంత్రంలో ఆ సంఖ్య కొట్టి 'తీసెయ్' నొక్కాను. యంత్రం పద్నాలుగు వేల బిళ్లలను ఒక్కొక్కటిగా ఓదెలు బిళ్లతో పోల్చుకుంటూ పోయి, సరిపోయిన దగ్గర గాలి ఆపేస్తుంది, తలుపులు మూసేస్తుంది, భోజనం కొట్టేస్తుంది. అర నిమిషంలో 'అయింది' అంది. నేను టీకి వెళ్లాను.

తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. మూడో గ్యాలరీ రాజవ్వ. ఒకప్పుడు బొగ్గు తీసిన ఆ సొరంగంలో ఆమె ఒక్కతే పుట్టగొడుగులు పెంచుతుంది, అక్కడే ఓ మూల గదిలో ఉంటుంది. అరవై ఒక్క ఏళ్లు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. సగం ఊరు ఆమె కూరే తింటుంది.

"పిల్లా, నా తలుపు తెరుస్తలేదు. బిళ్ల వెడితె ఎర్ర లైటు వస్తాంది. ఫ్యాను సుత బందైంది. ఏమాయె?"

ఆమె పేరు తీసి చూశాను. పక్కన గీత కొట్టి ఉంది.

"అవ్వా, ఇక్కడ నువ్వు చనిపోయినట్టు ఉంది."

"ఎప్పుడట?"

"ఇయ్యాల ఎనిమిదింటికి."

"ఎనిమిదింటికి నేను చాయ తాగుతాన. ఇంకోపాలి సూడు."

ఇంకోసారి చూశాను. చచ్చే ఉంది. పరుగెత్తుకుంటూ వెళ్లి నా బిళ్లతో తలుపు తీశాను. మా దగ్గర గాలి తలుపుకు ఇటుక అడ్డం పెట్టడం కుదరదు, ఒక్క తలుపు తెరిచి ఉంటే వీధి మొత్తానికి గాలి తప్పిపోతుంది. అందుకే ఆ తప్పు చేసినవాళ్లను పైకి పంపిస్తారు. ఈ గని మూత దాటి పైన, నేల మీద, ఇప్పుడు యాభై తొమ్మిది డిగ్రీలు.

రాజవ్వ పేరును చేత్తో మళ్లీ ఎక్కించాను. ఎక్కడో నా వేలు జారి ఉంటుందనుకున్నాను. బుద్ధిలేనిదాన్ని.

మార్చి 5

వేలు జారలేదు. యంత్రం రోజూ పొద్దున ఆరింటికి చనిపోయిన వాళ్ల జాబితాను బతికున్న వాళ్లతో మరోసారి సరిచూస్తుంది. ఆరింటికి రాజవ్వ మళ్లీ చనిపోయింది. రెండుసార్లు పోయిన పేరును యంత్రం ఇక చేత్తో ఎక్కించనివ్వదు. ఆమెతోపాటు ఇంకో ఐదుగురు. నిన్నే వాళ్లూ చనిపోయారు, నేను చూడలేదు. వాళ్లకు ఇంట్లో మనుషులున్నారు, పక్కవాళ్ల బిళ్లతో తలుపులు దాటారు, పక్కవాళ్ల గాలి పంచుకున్నారు, వంటింటి దగ్గర గొడవపడి తిన్నారు. రాజవ్వకు పక్కన ఎవరూ లేరు.

ఆరుగురి బిళ్లలు, ఓదెలుది, మొత్తం ఏడూ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. 0e4471. 0e1190. 0e3052. రాజవ్వది 0e7718. ఏడింటికీ ముందు సున్నా, తర్వాత e, ఆపైన అన్నీ అంకెలే. చూడగానే ఒళ్లు మండింది.

తెలియని వాళ్లు చదివితే అర్థం కావాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను. మా రిజిస్టర్ నడిచేది ఒక పాత భాషలో. వెబ్ పేజీలు తయారు చేసుకోవడానికి ఎప్పుడో పుట్టిన భాష. పేజీలో ఎవరైనా వయసు 07 అని కొడితే, పాపం ఏడు అనబోయాడు కాబోలు అని అది తనంతట తానే సర్దుకునేది. ఆ సర్దుకునే గుణం దాని ఒంట్లో ఉండిపోయింది. రెండు స్ట్రింగులు, అంటే రెండు అక్షరాల వరుసలు, ఒకటేనా అని రెండు గీతలు (==) గీసి అడిగితే, అది ముందు రెండింటి మొహం చూస్తుంది. రెండూ అంకెల్లా కనిపిస్తే అక్షరాల సంగతి వదిలేసి రెండింటినీ అంకెలుగా మార్చి పోలుస్తుంది. e అనేది దానికి అక్షరం కాదు, 'పదితో ఇన్నిసార్లు హెచ్చించు' అనే గుర్తు. సున్నాను పదితో నాలుగు వేల సార్లు హెచ్చించినా సున్నాయే, ఏడు వేల సార్లు హెచ్చించినా సున్నాయే. కాబట్టి ఓదెలు సున్నా, రాజవ్వ సున్నా, ఇద్దరూ ఒకటే మనిషి. ఓదెలు పోయాడు కనుక ఆమె కూడా పోయింది.

గీత ఇంకొకటి చేర్చి మూడు గీతలతో (===) అడిగితే చాలు, సర్దుబాట్లు మానేసి అక్షరానికి అక్షరం చూస్తుంది. నాలుగేళ్ల కిందట సంఖ్యలు చాలక, a నుంచి f దాకా అక్షరాలు కలిపి అందరికీ కొత్త బిళ్లలు ఇచ్చినప్పుడే ఈ గీత చేర్చి ఉండాలి. అప్పుడు ఆ పని చూసింది గాలి కమిటీ. ఇప్పటి అధ్యక్షుడు కాసర్ల పురుషోత్తం అప్పుడు కార్యదర్శి. కోడ్ ముట్టుకోవద్దు, నడుస్తున్నదాన్ని నడవనియ్యండి అన్నది ఆయనే. అప్పట్నుంచి ఇలాంటి బిళ్ల ఉన్నవాళ్లలో మొదట పోయింది ఓదెలు. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు.

కోడ్ ఉన్న పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది అధ్యక్షుడి దగ్గర. ఎల్లుండి కమిటీ ముందు చూపించమన్నాడు. ఈలోగా రాజవ్వ నా గదిలో ఉంటుంది. ఒక మనిషి గాలికి ఇద్దరం.

మార్చి 7

ఇవాళ జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

పోలికలు నలభై ఒక్క చోట్ల ఉన్నాయి. నలభై ఒక్క చోట్లా మూడో గీత గీసుకుంటూ కూర్చోవడానికి నాకు ఓపిక లేకపోయింది. ఆ కమిటీ మీద అంత కోపంగా ఉంది. ఆ భాషలోనే స్ట్రింగులను అక్షరానికి అక్షరం పోల్చే ఫంక్షన్ ఒకటి తయారుగా ఉంది. దాన్ని అన్ని చోట్లా ఒక్క దెబ్బతో దింపేశాను. నమూనా యంత్రంలో పెట్టి, పరీక్షించకుండా, నేరుగా కమిటీ గదిలోకి తీసుకుపోయాను. ఐదుగురూ చూస్తుండగా ఓదెలు బిళ్ల కొట్టి 'తీసెయ్' నొక్కాను.

తెర మీద గీతలు పడటం మొదలైంది. ఒకటి, పది, వంద. పద్నాలుగు వేల మందీ చనిపోయారు. ఓదెలు ఒక్కడు బతికాడు.

ఆ ఫంక్షన్ 'అవును', 'కాదు' అని చెప్పదు. రెండూ ఒకటే అయితే సున్నా ఇస్తుంది. మొదటిది వరుసలో ముందు వస్తే సున్నాకు తక్కువ ఇస్తుంది, వెనక వస్తే సున్నాకు ఎక్కువ ఇస్తుంది. సున్నా అంటే, తేడా ఎంత అని అడిగితే తేడా లేదు అన్నట్టు. అయితే ఆ భాషలో సున్నా అంటే 'కాదు' అని కూడా అర్థం, సున్నా కానిది ఏదైనా 'అవును'. సున్నా వస్తే తీసెయ్ అని రాయాలి. నేను ఫంక్షన్ అవునంటే తీసెయ్ అని రాశాను. కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్లకూ మొదటి వారంలోనే ఈ గోతి గురించి చెబుతాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. నేనే పడ్డాను.

"రెండు నిమిషాలియ్యండి సారూ, సరిచేస్త," అన్నాను.

పురుషోత్తం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మనోరమమ్మా, ఇది నిజం యంత్రం అయితే ఇప్పుడు మనమంత ఏమైదుము?"

"ఇది నమూనా అనే గదా ఇక్కడ చూపెట్టింది."

"ఆ పాతది ఆరుగుర్ని తీసేసింది. మీ కొత్తది పద్నాలుగు వేల మందిని తీసేసింది. మీరే చెప్పుండ్రి, దేన్ని ఉంచుకోమంటరు?"

నలుగురూ నవ్వారు. ఎదురుగా తెర మీద పద్నాలుగు వేల గీతలున్నాయి. మార్పు విషయం పది రోజులు పరిశీలించాక మాట్లాడదామని రాసుకుని లేచిపోయారు. పది రోజులు! ఒక సున్నాను సరిచూడటానికి.

మార్చి 8

కమిటీ ఈలోగా ఉపాయం కనిపెట్టింది. ఆరుగురికీ కొత్త బిళ్లలు ఇస్తారట. వినడానికి బాగానే ఉంది. అయితే రిజిస్టర్‌లో కొత్త పేరు ఎక్కాలంటే దారి ఒక్కటే, పుట్టుక. మూత పడ్డాక బయటినుంచి ఎవరూ రాలేదు కాబట్టి వేరే కాగితం ఎవరూ తయారు చేయలేదు. వయసు రాసే గడి కూడా లేదు, దానంతట అదే సున్నా వేసుకుంటుంది.

మిగతా ఐదుగురు ఒప్పుకోలేదు, ఇంట్లోవాళ్ల బిళ్లలతోనే నెట్టుకొస్తామన్నారు. రాజవ్వకు ఆ వీలు లేదు. కాబట్టి ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి రాజవ్వ పుట్టింది. తల్లి గడి ఖాళీగా వదిలితే యంత్రం ఒప్పుకోదు. నా బిళ్ల వేశాను. నాకు యాభై నాలుగు.

"గింత ముసలిబిడ్డను కన్నవ్, నొప్పులు రాలేదా?" అంది రాజవ్వ. నేను నవ్వలేదు. పసిబిడ్డకు రిజిస్టర్ ఇచ్చేది పావు వంతు గాలి. పసిబిడ్డ ఏ తలుపూ తెరవలేదు, తల్లి బిళ్ల తోడుగా ఉండాలి.

పురుషోత్తంతో ఆ మాటే అన్నాను. "పావు గాలితో పెద్దమనిషి ఎట్ల బతుకుతది సారూ?"

"మీ గదిల ఉంటది గదా. మీది ఒకటి, ఆమెది పావు. నిన్నటికంటె నయమే గదా."

ఈ మనిషికి లెక్కలు ఎవరు నేర్పారో కాని, చెవి పట్టుకుని మళ్లీ బడిలో కూర్చోబెట్టాలి.

మార్చి 10

ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసింది. పాపకు చుక్కల మందు వేయించలేదట, తల్లులు ఇంత అశ్రద్ధగా ఉంటే ఎలా అని మందలించింది. పాపకు అరవై ఒక్క ఏళ్లని చెప్పాను. తన కాగితంలో రెండు రోజులని ఉందని చెప్పింది. భోజనం బదులు పాలపొడి వచ్చింది.

"మంచిగనే ఉందే, చాయల కలుపుకుంట," అంది రాజవ్వ. తర్వాత చాలాసేపు దగ్గింది. నా అన్నంలో సగం పెట్టాను. వద్దు వద్దంటూనే తింది.

మార్చి 12

దగ్గు తగ్గలేదు. నాకూ తలనొప్పి. మూడు గీతల మార్పు నలభై ఒక్క చోట్లా చేత్తో చేశాను. నమూనా యంత్రంలో అరవై సార్లు పరీక్షించాను. ఓదెలును తీసేస్తే ఓదెలే పోతున్నాడు. రోజూ కమిటీ గది ముందు నిలబడుతున్నాను. ఎల్లుండి పదింటికి వినడానికి ఒప్పుకున్నారు.

రాజవ్వ మాత్రం పుట్టగొడుగుల గురించే. "ఎల్లుండి తెంపాలె పిల్లా. లేకుంటె గొడుగులు విచ్చుకొని నల్లవడతయ్. నెల కష్టం. ఊరంత ఏం తింటది?"

"ఊరు నీకేం పెట్టిందవ్వా? పాలపొడి పెట్టింది."

"ఊరు పెట్టలే, ఆ ముండకొడుకులు వెట్టిన్రు. వాళ్లకోసం నేను పండిస్తలేను గదా."

మార్చి 14

సాయంత్రం రాస్తున్నాను. వరుసగా రాయాలి.

పొద్దున తొమ్మిదింటికి రాజవ్వను నా బిళ్లతో మూడో గ్యాలరీలోకి తీసుకుపోయాను. లోపల ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. లోపల ఎంతమంది ఉంటే అంత గాలి తోలుతుంది అది. పసిపాప ఒక్కతే ఉందని దాని లెక్క. పుట్టగొడుగులు కూడా మనలాగే గాలి పీల్చి చెడ్డ గాలి వదులుతాయి, కింద మగ్గే ఎరువు ఇంకా ఎక్కువ వదులుతుంది. ఇది నాకు తెలుసు. రెండు గంటలకు ఏమీ కాదని రాజవ్వ అంది. నేనూ అనుకున్నాను. పదకొండింటికి వచ్చి తీసుకుపోతానన్నాను. తలుపు వేసింది నేనే.

పదింటికి సమావేశం. పురుషోత్తం నలభై ఒక్క మార్పులూ గట్టిగా చదవమన్నాడు. చదివాను. ప్రతిదానికీ ఇక్కడ గీత ఎందుకు, అక్కడ ఎందుకు అని అడిగాడు. పదకొండింటికి లేచాను.

"రాజవ్వను తీస్కరావాలె సారూ. పది నిమిషాల్ల వస్త."

"ఇప్పుడు లేస్తె సంతకం ఇంక వచ్చే సమావేశానికే, మనోరమమ్మా. సగం అయిపోయినంక గిట్ల చేస్తె ఎట్ల?"

కూర్చున్నాను. సంతకం అంత దగ్గరగా కనిపించింది. పన్నెండుకు మళ్లీ అన్నాను, ఐదు నిమిషాలన్నాడు. పన్నెండున్నరకు అన్నాను, ఐదు నిమిషాలన్నాడు. వాళ్లకు భోజనాలు వచ్చాయి. నాకూ పెట్టారు, పుట్టగొడుగుల కూర. రెండింటికి పది నిమిషాల ముందు, సంతకం రేపు పెడతామని చెప్పి లేచారు.

పరుగెత్తాను. రాజవ్వ పుట్టగొడుగుల చివరి అర దగ్గర కూర్చుని ఉంది, వీపు గోడకు ఆనించి. గంపలు మూడూ నిండి ఉన్నాయి. తెంపడం పూర్తి చేసింది. పిలిచాను, ఊపాను, భుజం మీద వేసుకుని తలుపు దాకా ఈడ్చాను. ఆసుపత్రి వాళ్లు వచ్చి చూసి తల అడ్డంగా ఊపారు.

నా గదిలో ఫోను మూడుసార్లు మోగినట్టు గుర్తులున్నాయి. పన్నెండూ పది. పన్నెండూ ఇరవై ఐదు. పన్నెండూ ముప్పై ఒకటి. మూడోసారికి నేను కూర ముందు కూర్చుని ఉన్నాను.

మార్చి 15

పొద్దున్నే పురుషోత్తం స్వయంగా నా గదికి వచ్చాడు. రెండో తాళంచెవి జేబులోనే ఉంది. సంతకానికి ఒక్క నిమిషం పట్టింది. ఇద్దరం తాళాలు తిప్పాం, నేను మూడో గీతలు ఎక్కించాను, నలభై నిమిషాలు. మిగతా ఐదుగురూ బతికారు. పది రోజుల కిందటా ఇదే గీత, ఇదే తాళం.

తర్వాత ఇంకో కాగితం తీశాడు.

"రాజవ్వ కాగితం కూడ ఇయ్యాలనే ముగిద్దాం. యంత్రంల ఆమె మార్చి నాలుగునే పోయినట్టుంది గదా. ఆ తారీఖు గట్లనే ఉండనిద్దాం."

"నిన్న పోయింది సారూ."

"నిన్న పోయింది ఎవరు? రిజిస్టర్ ప్రకారం ఆరు రోజుల పసిపిల్ల. తల్లి ఒంటిగ లోపట పెట్టి తలుపేసి పోయింది. గాలి నియమంల దానికేం శిక్షనో మీకు తెల్వదా?" గొంతు తగ్గించాడు. "నేను మీ మంచికే చెప్తాన. పసిపిల్ల పుట్టుకే యంత్రం తప్పని కొట్టేద్దాం. ముసలామె నాలుగునే పోయింది. మీ మీద ఏం ఉండది. కమిటీ మీద ఏం ఉండది."

తెలివైనవాడే. నాలుగో తారీఖునే చనిపోయిన మనిషికి పావు గాలి ఎవరిచ్చారని ఎవరు అడుగుతారు? ఆమె దగ్గింది, పాలపొడి కలుపుకుని చాయ తాగింది, మూడు గంపలు తెంపింది, మూడుసార్లు ఫోను చేసింది. ఒక్క తారీఖుతో అదంతా జరగలేదనొచ్చు. ఏడుగురిని ఒక్క సున్నా చేసిన యంత్రానికి కనీసం ఏం చేస్తున్నదో తెలియదు. ఈయనకు తెలుసు. అదే నాకు భరించలేకుండా ఉంది.

రేపటిదాకా ఆలోచించుకుంటానని కాగితం తీసుకున్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు. పైకి పంపిస్తారంటే భయంగా మాత్రం ఉంది. ఆ భయం కూడా రాస్తున్నాను.

మార్చి 16

ఎవరైనా పోతే మర్నాడో ఆ మర్నాడో షిఫ్టు మారే వేళ అందరూ నిలబడతారు. రిజిస్టర్ చూసేవాళ్లు చావు కాగితం గట్టిగా చదువుతారు. విన్నవాళ్లు 'విన్నం' అంటారు. అలా అన్నాక ఆ కాగితాన్ని మార్చే అధికారం ఎవరికీ ఉండదు, కమిటీకి కూడా.

మధ్యాహ్నం రెండింటికి మూడో గ్యాలరీ ముందు నిలబడ్డాం. ఎనభై మంది దాకా ఉన్నారు. పురుషోత్తం ముందు వరుసలో ఉన్నాడు. ఆయనిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నేను రాసింది చదివాను.

"జక్కుల రాజవ్వ, వయసు అరవై ఒకటి, పుట్టగొడుగుల పని. మార్చి పద్నాలుగున పన్నెండున్నరకూ రెండింటికీ మధ్య, మూడో గ్యాలరీలో గాలి చాలక చనిపోయింది. అంతకుముందు ఎప్పుడూ చనిపోలేదు. రిజిస్టర్‌లో పోలిక తప్పును నాలుగేళ్ల కిందటే సరిచేయాల్సింది, కమిటీ సరిచేయలేదు. ఈ నెల ఏడున సరిచేయబోయి నేను తప్పు రాశాను, దానివల్ల పని ఆగింది. ఆమెను పసిబిడ్డగా రాసి పావు గాలి ఇచ్చింది కమిటీ. లోపల పెట్టి తలుపు వేసింది నేను. పదకొండింటికి వెళ్తానంటే వెళ్లనివ్వనిది అధ్యక్షుడు కాసర్ల పురుషోత్తం. వెళ్లకుండా కూర్చున్నది నేను. రాసింది పెరుక మనోరమ."

"ఇది కమిటీ చూసిన కాగితం గాదు," అన్నాడు పురుషోత్తం. "ఆపుండ్రి."

గ్యాలరీలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. నేను కాగితం దించలేదు. తర్వాత వెనక వరుసలోంచి ఓదెలు కోడలు, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునే, "విన్నం," అంది. ఆ పక్కన ఇంకెవరో అన్నారు. ఆపైన అందరూ అన్నారు.

పురుషోత్తం అనలేదు. ఆ సంగతి కాగితం అడుగున రాసి, కింద సంతకం పెట్టి, రిజిస్టర్‌లో అంటించాను. గాలి నియమం కింద నన్ను పిలవడానికి రేపు పదింటికి మనిషి వస్తాడట.